డ్రైవింగ్ స్కూలు కారులో మంచు

చెవులపిల్లకి కారు నడపడం రాదు. ఈ మాట ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. అద్దం ముందు నిలబడి కూడా అనలేదు, అద్దం వెళ్లి పక్కింటివాళ్ల చెవిన వేస్తుందేమో అన్నట్టు. ఇంజన్ విప్పి మూటగట్టి ఇస్తే కళ్లు మూసుకుని మళ్లీ బిగిస్తుంది. గేరుబాక్సు లోపల ఏ పన్ను ఏ పన్నుని పట్టుకుంటుందో బొమ్మ గీసి చూపిస్తుంది. కానీ స్టీరింగు ముందు కూర్చోబెట్టి పోనిమ్మంటే మాత్రం, ఆమె కాళ్లు రెండూ మాటల్లేని తోడికోడళ్లలా ఎడమొహం పెడమొహంగా ఉండిపోతాయి.

నేర్చుకోకపోవడానికి పెద్ద కారణమంటూ ఏమీ లేదు. చిన్నప్పట్నుంచీ మామయ్య మెకానిక్ షెడ్డులోనే పెరిగింది. ఎవరూ కూర్చోబెట్టి పని నేర్పలేదు. విప్పి, పాడుచేసి, తిట్లు తిని, మళ్లీ బిగించి తనంతట తనే నేర్చుకుంది. అలాంటి పిల్లని డ్రైవింగ్ వచ్చా అని అడగాలని ఎవరికీ తోచలేదు. చేపని పట్టుకుని నీకు ఈతొచ్చా అని ఎవరడుగుతారు? నేర్పమని తనే అడగాల్సిన రోజుల్లో సిగ్గేసింది. ఆ తర్వాత ఆ సిగ్గుకి కూడా వయసొచ్చి, గడ్డం పెరిగి, ఇంటి పెద్దలా తిష్ట వేసింది.

ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. బాగుచేసిన చెయ్యే బండిని గేటు దాటించాలి. గేటు దాటి, ఎత్తెక్కి, నీళ్ల ట్యాంకు చుట్టూ ఒక తిప్పు తిప్పి తీసుకొచ్చాకే ఓనరు చేతికి తాళంచెవి వెళ్తుంది. మామయ్యకి పని నేర్పిన పెద్దాయన పెట్టిన ఆనవాయితీ అది. తను వండింది ముందు తను తినాలి అనేవాడట ఆయన. మామయ్య ఆ మాటని గోడ మీద రాయించలేదు గానీ, రాయించిన మాటలకన్నా ఎక్కువసార్లు చదివి వినిపించేవాడు.

మొదటిసారి తను ఒంటిచేత్తో బాగుచేసిన కారుని గేటు దాటించమన్నప్పుడు చెవులపిల్ల నోటికొచ్చిన అబద్ధం ఆడింది. స్టీరింగు పట్టుకుంటే నాకు ఇంజన్ సరిగ్గా వినపడదు మామయ్యా, నువ్వు నడుపు, నేను పక్కన కూర్చుని వింటాను అంది. అని ఊరుకోకుండా, నమ్మకం కోసం, తల కిటికీలోంచి బయటికి పెట్టి కళ్లు మూసుకుంది. మామయ్య నమ్మడమే కాదు, మురిసిపోయి నలుగురికీ చెప్పాడు. కార్ల వాళ్లు వచ్చి, మా బండిని కూడా ఆ అమ్మాయి చేత వినిపించండి అని అడగడం మొదలుపెట్టారు. చెవులపిల్ల అన్న పేరు అలా పడింది. పక్క వీధి మెకానిక్కులు కూడా తలలు బయటపెట్టి వినసాగారు. వాళ్లలో ఒకాయన చెవికి కరెంటు స్తంభం తగిలి కుట్లు పడితే, పని మీద ఆయనకున్న శ్రద్ధని ఊరంతా మెచ్చుకుంది.

షెడ్డు లోపల కార్లు జరపాల్సి వస్తే, బ్యాటరీ దండగ, తోద్దాం పట్టండి అనేది. తోసీ తోసీ ఆమె భుజాలు మల్లయోధుల భుజాల్లా తయారయ్యాయి.

ఆ ఎండాకాలం మామయ్య ఎడమ మోకాలు వాచింది. క్లచ్ నొక్కబోతే కళ్లలో నీళ్లు తిరిగేవి. డాక్టరు చూసి ఆపరేషన్ తప్పదన్నాడు. తర్వాత మంచం, ఆ తర్వాత కర్ర, ఆ తర్వాత దేవుడి దయ. మామయ్యకి షెడ్డు మూతబడి ఉండటం ఇష్టం లేదు. ఆయన అల్లుడికి ప్లాస్టిక్ కుర్చీల వ్యాపారం. షెడ్డులోకి వచ్చినప్పుడల్లా మాట్లాడుతూ మాట్లాడుతూనే ఎన్ని కుర్చీలు పడతాయో కళ్లతో పేర్చుకునేవాడు.

మామయ్య ఒకరోజు మేనకోడల్ని పిలిచి చెప్పాడు.

"నీ చేత్తో బాగుచేసిన బండిని నీ చేత్తోనే గేటు దాటించు. ఆ రోజే తాళాలు నీ చేతిలో పెడతాను. ఇన్నాళ్లూ నీ బదులు నేను నడిపాను, సరే. ఇకమీద వినడం, నడపడం రెండూ నీవే. కాదంటావా, అల్లుడు ఎలాగూ అడుగుతున్నాడు."

"అలాగే మామయ్యా," అంది చెవులపిల్ల. ఆ మాట అన్నంత తేలిగ్గా లోపలికి మింగుడుపడలేదు. ఆ షెడ్డు తప్ప ఆమెకి ఇంకో బడి లేదు, ఇంకో ఇల్లు ఉన్నా అందులో ఆమెకి నిద్ర తప్ప వేరే పని లేదు.

రేకుల మీద ఎండ చిటపటలాడుతున్న ఒక పొద్దున, డ్రైవింగ్ స్కూలు టీచరమ్మ కారు షెడ్డుకొచ్చింది. ముందు నల్లటి పొగ వచ్చింది, దాన్ని వెతుక్కుంటూ కారు వచ్చింది. టీచరమ్మ స్వెట్టరు విప్పుకుంటూ దిగింది. కారు లోపల మంచు కురుస్తోంది. పైకప్పు గుడ్డలోంచి సన్నగా, తీరుబడిగా, ఎవరికీ జవాబు చెప్పాల్సిన పని లేనట్టు రాలుతోంది. సీట్ల మీద, స్టీరింగు మీద, స్టీరింగు ముందు మఫ్లరు చుట్టుకుని కూర్చున్న రిటైర్డు పోస్టుమాస్టరుగారి టోపీ మీద.

మంచు సంగతి సరే, లోపలి అద్దం తుడుచుకోవడానికి గుడ్డ పెట్టుకున్నాను, అంది టీచరమ్మ. ఆవిడ బాధ పెట్రోలు గురించి. కారు తాగుబోతు మొగుడిలా తాగుతోంది, పొగ చూసి వెనకాల వచ్చేవాళ్లు తిడుతున్నారు, ముందున్న ఫ్యాను ఆగమన్నా ఆగట్లేదు. ఇప్పటికే చాలామందికి చూపించింది. ఒకాయన మంచుని చూసి టాపు కారుతోందనుకుని పైన అంతా జిగురు పూశాడు. ఇంకొకాయన ముందు అద్దానికి లోపలి వైపు కూడా వైపరు బిగించాడు. సీటు కవర్లు కుట్టే ఆయనైతే డ్రైవరు సీటు పైన చిన్న గొడుగు అమర్చి పెట్టాడు. పనితనం చక్కగానే ఉంది. గొడుక్కి అంచులు కూడా కుట్టాడు.

పోస్టుమాస్టరుగారు ఆ గొడుగుని మడిచి పక్కన పెట్టుకునేవారు. మంచు నేరుగా మీద పడితేనే ఆయనకి ఇష్టం. పొద్దున్న మొదటి క్లాసు ఎప్పుడూ ఆయనదే. ఆయన తర్వాత చేరినవాళ్లు లైసెన్సులు తెచ్చుకుని, పెళ్లిళ్లు చేసుకుని, పిల్లల్ని వెనకసీట్లో వేసుకుని తిరుగుతున్నారు. ఆయన మాత్రం ఇంకా ఫస్టు గేరులోనే ఉన్నారు.

చెవులపిల్ల మంచు వైపు చూడలేదు. పొగ వైపు చూసింది. ప్లగ్గు ఒకటి విప్పితే కాటుక భరిణెలో వేలు పెట్టినట్టు నల్లగా మసి. స్కానర్ తగిలించి ఇంజన్ వేడి ఎంతుందో చూసింది. సున్నాకి నలభై డిగ్రీలు కింద అని చూపించింది. బయట రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది.

"ఇంజన్ ఎంత వేడెక్కిందో బండి కంప్యూటరుకి చెప్పే సెన్సర్ ఒకటుంటుందండీ, బొటనవేలంత," అని టీచరమ్మకి చెప్పింది. "అది చలి చలి అంటోంది. కంప్యూటరు పాపం నమ్మి, చలికి వణికే పిల్లాడికి దుప్పటి మీద దుప్పటి కప్పినట్టు పెట్రోలు పోస్తూనే ఉంది. ఇంజన్ తప్పేం లేదు."

"మరి నా చేత ప్లగ్గులు, బ్యాటరీ, థర్మోస్టాటూ అన్నీ మార్పించారే."

"వాళ్లంతా చలికి మందిచ్చారండీ. చలే లేదు."

అయినా మీదపడి సెన్సర్ మార్చెయ్యలేదు. తప్పు సెన్సర్‌దో, దాని నుంచి వెళ్లే తీగలదో తేల్చుకోవాలి. సెన్సర్ మీది కనెక్టర్ ఊడదీసి, దానిలోని రెండు తీగల్నీ చిన్న తీగముక్కతో కలిపింది. తీగలు బాగుంటే స్కానర్‌లో అంకె ఒక్కసారిగా ఆకాశానికి ఎగరాలి. ఎగిరింది. కారు లోపల మంచు నీరై, నీరు ఆవిరై, అద్దాలు పొగమంచు పట్టాయి. లోపలే కూర్చున్న పోస్టుమాస్టరుగారు మఫ్లరు తీశారు, టోపీ తీశారు, స్వెట్టరు తీశారు, చొక్కా బొత్తాల మీద చెయ్యి వేశారు.

"అమ్మాయ్, తేలింది కదా, ఇక చాలు," అంది టీచరమ్మ కంగారుగా.

తీగముక్క లాగేసరికి మంచు మళ్లీ మొదలైంది. ఆయన మళ్లీ అన్నీ వరసగా తొడుక్కున్నారు. తీగలు బాగున్నాయి. ఇక మీటరు ముళ్లు రెండూ సెన్సర్ కాళ్లకి ఆనించి చూస్తే దానిలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. లోపల తెగిపోయింది. సెన్సర్ మార్చాలని తేల్చేసింది.

పోస్టుమాస్టరుగారు కారు దిగి, గొంతు సవరించుకుని, మార్చడం అంత అవసరమా అని అడిగారు. మనుషులు అలవాటుపడ్డారు కదా, ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనిస్తే బండికీ ఒక గౌరవం కదా అన్నారు. పెట్రోలు ఎవరు పోయిస్తున్నారో టీచరమ్మ ఆయనకి గుర్తుచేసింది. ఆయన మళ్లీ వెళ్లి మంచులో కూర్చున్నారు, ఆఖరిసారి కూర్చున్నట్టు, వెనక్కి ఆనుకుని, మొహం పైకెత్తి.

కొత్త సెన్సర్ విడిభాగాల కొట్టు నుంచి వచ్చింది. ఇంజన్ చల్లారేదాకా ఆగాలి, లేకపోతే మరిగే నీళ్లు మొహాన చిమ్ముతాయి. లోపల మంచు కురిసే కారే అయినా, ఇంజన్ చల్లారడానికి మాత్రం మామూలు కార్లకి పట్టినంత సేపూ పట్టింది. ఈలోపు మామయ్య కుర్చీని కారు దగ్గరికి జరుపుకుని, వాచిన మోకాలిని కిటికీలోంచి లోపలికి పెట్టి, చల్లగా ఉందర్రా అని కళ్లు మూసుకున్నాడు.

చల్లారాక ఆమె రేడియేటర్ మూత తిప్పి గాలి వదిలింది. పొడుగు సాకెట్ వేసి పాతదాన్ని విప్పింది. అది ఊడి వచ్చే క్షణంలో బొటనవేలు కన్నానికి అడ్డంపెట్టి, రెండో చేత్తో కొత్త వాషరుతో సహా కొత్తదాన్ని అందుకుని, వేలు తీసి అది పెట్టింది. కారింది నాలుగు చుక్కలే. బిగింపు గట్టిగా ఉండాలి గానీ మొండిగా ఉండకూడదు. అక్కడి లోహం మెత్తన, కోపంగా తిప్పితే మరలు తెగిపోతాయి. తరవాత కూలెంట్ తగ్గినంత పోసి, ఇంజన్ ఆడించి, బుడగలు ఆగేదాకా కనిపెట్టుకుని ఉంది. స్కానర్‌లో అంకె మెట్టు మెట్టుగా ఎక్కింది. సరైన చోట ఫ్యాను తిరిగింది, చల్లబడ్డాక ఆగింది. పొగ గొట్టం దగ్గర తెల్ల కాగితం పట్టుకుంటే తెల్లగానే ఉంది.

మంచు పాత సెన్సర్‌తో పాటే బయటికి వచ్చేసింది. పనిబల్ల మీద పెడితే అక్కడ, స్పానర్ల మీద కురిసింది. మామయ్య తన టీ గ్లాసుని ఇవతలికి జరుపుకున్నాడు.

ఇక గేటు దాటించాలి.

టీచరుగారు నడుపుతారు, నేను పక్కన కూర్చుని వింటాను అని చెవులపిల్ల అలవాటు కొద్దీ మొదలుపెట్టింది. మామయ్య గేటు వైపు గడ్డం చూపించి, తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. టీచరమ్మ పక్కన. ఆ పక్కన కూడా మూడు పెడళ్లూ ఉంటాయి, డ్రైవింగ్ స్కూలు కారు కదా. పోస్టుమాస్టరుగారు, నా క్లాసు టైం ఇంకా అవలేదు అంటూ వెనక ఎక్కారు. చెవులపిల్ల సీటు ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది. అద్దం సవరించింది. బెల్టు పెట్టుకుంది, తీసింది, మళ్లీ పెట్టుకుంది. ముందు అద్దం తుడిచింది. క్లచ్ నొక్కితే లోపల పలక ఎలా విడిపోతుందో, వదిలితే ఎలా అతుక్కుంటుందో అంతా కళ్లకి కట్టినట్టు తెలుసు. తెలియాల్సింది కళ్లకి కాదు.

టీచరమ్మ మామయ్య వైపు చూసి నవ్వుతూనే, పెదాలు కదపకుండా, "ఎడమ కాలితో నొక్కాల్సింది ఎడమ చివరిది," అంది.

"తెలుసండీ."

"తెలుసని తెలుస్తూనే ఉంది. నొక్కు."

ఆ తర్వాత ఏం చేసిందో ఆమెకి తెలియదు. స్టీరింగు తిన్నగా పట్టుకుంది, అంతే. కిందంతా టీచరమ్మ కాళ్లే నడిపాయి. కారు పెళ్లికూతురిలా అణకువగా గేటు దాటింది. వెనక మామయ్య చప్పట్లు కొడుతున్నాడు. చెవులపిల్ల చెమటలు తుడుచుకుంది.

ఎత్తు మధ్యలో ఎదురుగా నీళ్ల లారీ వచ్చింది. టీచరమ్మ బ్రేకు నొక్కింది, కారు ఆగింది. ఆ కుదుపుకి ఆవిడ చేతిసంచి ఒళ్లోంచి జారి పెడళ్ల కింద ఇరుక్కుంది. ఆవిడ కాలు తీసి సంచి లాగబోయింది, కారు వెనక్కి జారడం మొదలైంది. చెవులపిల్ల కాళ్లు తోడికోడళ్ల వేషం వేసుకుని కూర్చున్నాయి.

వెనకసీట్లోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి రెండు సీట్ల మధ్యనించి వచ్చి, హ్యాండ్‌బ్రేకు లాగింది.

"కంగారుపడకు తల్లీ," అన్నారు పోస్టుమాస్టరుగారు. "క్లచ్ మొత్తం నొక్కు. ఫస్టు వెయ్యి. ఇప్పుడు మెల్లగా వదులు, ఇంకా మెల్లగా. బండి ముక్కు కొంచెం లేస్తుంది, తెలిసిందా? అక్కడే ఆపు. కుడి కాలు కొద్దిగా. ఇదిగో, హ్యాండ్‌బ్రేకు నేను దించుతున్నాను."

కారు ముందుకి కదిలింది. లారీ పక్కనుంచి వెళ్లిపోయింది. ఎత్తు పైదాకా, టీచరమ్మ సంచి లాక్కునేదాకా, ఆ కారుని నడిపింది చెవులపిల్ల కాళ్లే. కాళ్లు రెండూ మొదటిసారి ఒకదాన్నొకటి పలకరించుకున్నాయి.

ట్యాంకు దగ్గర టీచరమ్మ కారు ఆపి వెనక్కి తిరిగింది.

"మాస్టారూ."

"చెప్పండి టీచరుగారూ."

"నిన్న మీరు హ్యాండ్‌బ్రేకుని గొడుగు పిడి అన్నారు."

"పడుకుని ఆలోచిస్తే విషయం బోధపడింది."

"ఎన్నాళ్లైంది మీకు డ్రైవింగ్ వచ్చి?"

ఆయన మఫ్లరు కొసలు చేతిలో నలుపుకున్నారు. చేరిన మొదట్లోనే వచ్చేసిందని ఒప్పుకున్నారు. సరిగ్గా అప్పుడే కారులో మంచు మొదలైందట. ఊరంతా మాడిపోతుంటే తను చల్లగా కూర్చోవచ్చు, పక్కన ఒక మనిషి కుడి అనీ, ఎడమ అనీ, మెల్లగా అనీ చెబుతూ ఉంటుంది. "మా ఇంట్లో నాకు కుడీ ఎడమా చెప్పేవాళ్లెవరండీ?" అన్నారు.

చెవులపిల్లకి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయింది.

"నువ్వు నవ్వకు," అంది టీచరమ్మ. "వచ్చీ రానట్టు ఆయన, రాకపోయినా వచ్చినట్టు నువ్వు. మీ ఇద్దరి మధ్యనా పడి నా పెట్రోలు ఆవిరైపోయింది."

ఇంజన్ బుద్ధిగా ఆడుతోంది. చెవులపిల్ల స్టీరింగు మీద లేని మరకని వేలితో రుద్దింది. నేర్పిస్తారా అని అడగడానికి నోరు తెరిచింది గానీ, వచ్చింది దగ్గు. టీచరమ్మ ఆ దగ్గుకి జవాబు చెప్పలేదు. నోరు తెరిచి నేర్పమని అడిగినవాళ్లకే తను నేర్పుతానని, నాన్న తోలితే వచ్చినవాళ్లూ, మొగుడు తోలితే వచ్చినవాళ్లూ తిన్నగా వెళ్లి గోడకి గుద్దారని ఊరికే రోడ్డు వైపు చూస్తూ చెప్పింది. అయినా ఖాళీ ఎక్కడుంది, పొద్దున్న మొదటి క్లాసు ఈ మహానుభావుడు వదిలితే కదా, అంది.

తిరిగి వచ్చేటప్పుడు టీచరమ్మ కాళ్లే నడిపాయి. మామయ్య గేటు దగ్గర ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. కారు ఆగీ ఆగకముందే తాళాల గుత్తి తీసి చెవులపిల్ల చేతిలో పెట్టాడు. "గేటు దాటించావు," అన్నాడు. ఇంకేదో అనబోయి, కళ్లలో ఏదో పడిందని పక్కకి తిరిగాడు. ఆ పక్కకి తిరిగే అల్లుడికి ఫోన్ చేసి, కుర్చీలకి ఇంకో చోటు చూసుకో నాయనా అని చెప్పాడు. తేలు కుట్టిన దొంగలా ఆమె తాళాలు జేబులో వేసుకుంది. అవి నడిచినప్పుడల్లా చప్పుడు చేస్తూనే ఉన్నాయి.

పోస్టుమాస్టరుగారు పాత సెన్సర్ తనకిమ్మని అడిగారు. పారేసేదే కదా అని ఆమె ఇచ్చేసింది. ఆయన దాన్ని మఫ్లరులో చుట్టుకుని, నెత్తి మీద మంచు పడుతుండగా, ఎండలో నడుచుకుంటూ ఇంటికి వెళ్లారు. ముందుగదిలో పైకప్పు కొక్కేనికి దారం కట్టి దాన్ని వేలాడదీసుకున్నారు. మర్నాడు పక్కింటావిడ అల్లిక సామాను తీసుకుని వచ్చింది. ఆ మర్నాడు ఎదురింటి కుట్టుమిషను ఆయన పనంతా మోసుకొచ్చి అక్కడే పెట్టుకున్నాడు. చల్లదనం కోసం వచ్చినవాళ్లు ఊరికే కూర్చోరు కదా. మాస్టారూ కొంచెం ఎడమకి జరగండి, కుడివైపు నా ఊలుండ ఉంది, అనేవారు. ఆయన డ్రైవింగ్ క్లాసు మానేశారు.

షెడ్డులో పని మాత్రం విచిత్రంగా తయారైంది. చెవులపిల్ల బండి తర్వాత బండి బాగుచేస్తోంది, ఒక్కటీ గేటు దాటట్లేదు. ఓనర్లు వస్తే, ఇంకా వినాల్సి ఉందండీ అంటోంది. మొదట్లో మామయ్య పొంగిపోయాడు, నేనైతే ఇంత జాగ్రత్త పడేవాణ్ణి కాదు అని. కార్లు ముక్కుకి తోక ఆనించి గోడదాకా నిండిపోయాయి. కొత్త బండి రావడానికి చోటు లేదు. పని చేయాలంటే ఆమె ఒక బానెట్ మీంచి ఇంకో బానెట్ మీదికి దాటుతూ తిరగాల్సి వచ్చింది. తాళంచెవులన్నీ ఒక దండలా గుచ్చి మేకుకి తగిలించింది. ఆ మేకు వైపు చూడకుండా ఉండటం కూడా ఒక పనైపోయింది.

అల్లుడు పరామర్శకి వచ్చి షెడ్డంతా కలియజూశాడు.

"ఏమీ అనుకోకండి మామయ్యగారూ. కదలని కార్లకన్నా కుర్చీలే నయం. కనీసం ఒకదాని మీద ఒకటి పేర్చుకోవచ్చు."

మామయ్య ఆ మాటకి నవ్వలేదు. అల్లుడు వెళ్లాక మోకాలు నిమురుకుంటూ చెవులపిల్లని పిలిచాడు. వచ్చే వారం తను ఆస్పత్రిలో చేరాలి, ఆలోపు ఈ బండ్లు బయటికి వెళ్లకపోతే తాళాలు వెనక్కి తీసుకోక తప్పదని మెల్లగా చెప్పాడు. నీకేమైంది తల్లీ అని మాత్రం అడగలేదు. అడిగి ఉంటే ఆమెకి ఇంకో అబద్ధం సిద్ధంగా ఉంది.

మర్నాడు పొద్దున్న, షెడ్డు తెరిచిన కాసేపటికి, డ్రైవింగ్ స్కూలు కారు గేటు ముందునుంచి వెళ్లింది. పొగ లేదు. డ్రైవరు సీటు ఖాళీగా ఉంది. టీచరమ్మ తన అలవాటు చోటులోనే, పక్కసీట్లో కూర్చుని, చెయ్యి చాపి స్టీరింగు పట్టుకుని, తన పెడళ్లతోనే నడుపుకుంటూ పోతోంది. ఊళ్లో ఎవరూ ఆవిణ్ణి ఇంకో సీట్లో చూసి ఎరగరు. షెడ్డు వైపు తల తిప్పలేదు. హారన్ కొట్టలేదు. కారు వెనక తలుపు మీద ఆవిడ ఫోన్ నంబరు ఈ చివరినుంచి ఆ చివరిదాకా మనిషి చెయ్యంత అంకెలతో రాసి ఉంది, చూపు ఆనని ముసలివాళ్లు కూడా వీధి చివరినుంచి చదువుకునేలా. కారు మలుపు తిరిగి కనపడకుండా పోయింది. నంబరు మాత్రం కళ్ల ముందు నిలబడింది.

చెవులపిల్ల ఒక బానెట్ మీద కూర్చుని ఫోన్ తీసింది. పక్కనే కుర్చీలో మామయ్య. ముందు అనుకుంది, వెనక గుమ్మంలోంచి సందులోకి వెళ్లి మాట్లాడదామని. ఒక వారం దొంగచాటుగా నేర్చుకుంటే, ఎవరికీ తెలియకుండా, ఇన్నాళ్లూ వచ్చినట్టే ఉండిపోవచ్చు. బానెట్ దిగింది కూడా. నాలుగడుగులు వేసింది. సందులోకి వెళ్తే ఆ మాట నోట్లోంచి రాదని, మళ్లీ దగ్గే వస్తుందని ఆమెకి తెలిసిపోయింది. అక్కణ్ణించి వెనక్కి వచ్చి, మామయ్యకి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. అంకెలు ఒక్కొక్కటే నొక్కింది.

"ఎవరికే?" అన్నాడు మామయ్య.

"డ్రైవింగ్ టీచరుగారికి."

ఆయనకి ఏమర్థమైందో, ఆడపిల్ల ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే పెద్దవాళ్లు అడ్డమెందుకు అనుకున్నాడో, కుర్చీ చేతులు పట్టుకుని మోకాలి నొప్పితోనే లేవబోయాడు.

"కూర్చో మామయ్యా," అంది ఆమె, ఆయన చెయ్యి పట్టుకుని. "నువ్వు లేచి వెళ్తే నేను మళ్లీ అడగడం మానేస్తాను."